సహజ లీకేజీ

గుండ్లవరం పురపాలక సంఘంలో నీటి సరఫరా విభాగం అనేది ఒకటుందని ఆ ఊరి జనానికి రెండు సందర్భాల్లోనే గుర్తొస్తుంది. నీళ్లు రానప్పుడు ఒకసారి, నీటిపన్ను కట్టమన్నప్పుడు ఇంకోసారి. మిగిలిన రోజుల్లో ఆ విభాగం ఎవరికీ పట్టదు. అక్కడ అసిస్టెంట్ ఇంజనీరుగా పనిచేస్తున్న పసుపులేటి వామనరావు కూడా తనను ఎవరూ పట్టించుకోకపోవడమే తన పనికి దక్కిన మెప్పు అనుకుని బతుకుతున్నాడు. అలాంటివాణ్ని జనం ఇష్టపడి, వెంటబడి, రోజూ చూసి తరించాలని పైవాళ్లకు హఠాత్తుగా బుద్ధి పుట్టింది.

దానికి కారణం ‘చిటికె’. అరనిమిషం వీడియోలు చూపించే యాప్ అది. పప్పుకి తాలింపు పెట్టేవాళ్లకూ, మేకను చంకనెత్తుకుని గెంతేవాళ్లకూ అందులో లక్షల్లో ఫాలోవర్లుంటే, ఇంత పెద్ద ప్రభుత్వానికి లేకపోవడమేమిటని రాజధానిలో ఒక పెద్ద అధికారికి మనసు చివుక్కుమంది. మామూలు మనిషి మనసు చివుక్కుమంటే కాసేపు ముభావంగా కూర్చుంటాడు. అధికారి మనసు చివుక్కుమంటే సర్క్యులర్ వస్తుంది. వచ్చింది.

‘ప్రతి కార్యాలయము చిటికె నందు ఖాతా తెరిచి, అనుచరులను సహజవృద్ధి విధానమున పెంపొందించుకొనవలెను. అనుచరులను కొనుట, బతిమాలుట, బెదిరించుట, బంధుత్వమును వాడుట నిషిద్ధము. అడవిలో చెట్టు ఎట్లు పెరుగునో అనుచరులు అట్లే పెరుగవలెను’ అని ఉంది అందులో. ఇంతవరకూ చదివి వామనరావు నవ్వుకున్నాడు. అడవిలో చెట్టును పెరగమని ఎవరూ సర్క్యులర్ పంపలేదు కదా అనుకున్నాడు. అడుగున ఉన్న వాక్యం చదివాక నవ్వు ఆగిపోయింది. పదివేలమంది సహజ అనుచరులు లేని ఖాతాల బాధ్యులు పెట్టుకున్న బదిలీ దరఖాస్తులు పరిశీలించరట. భార్యాభర్తల కేటగిరీకి కూడా మినహాయింపు లేదట.

వామనరావు భార్య హైమావతి కొండకమ్మూరు ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. కొండకమ్మూరు రాష్ట్రానికి ఆ కొసన ఉంటుంది, గుండ్లవరం ఈ కొసన. ఇద్దరికీ ఉద్యోగాలిచ్చింది ప్రభుత్వమే, చెరో కొసకీ వేసింది ప్రభుత్వమే, మళ్లీ కలపడానికి భార్యాభర్తల కేటగిరీ అని పెట్టిందీ ప్రభుత్వమే. ఆ కేటగిరీలో వామనరావు ఏటా దరఖాస్తు పెడుతూనే ఉన్నాడు. ఒక ఏడు ఎన్నికల కోడ్ అడ్డొచ్చింది, ఒక ఏడు బదిలీల మీద నిషేధం వచ్చింది, ఒక ఏడు అన్నీ కుదిరాయి కానీ ఫైలు కనబడలేదు. పెళ్లయిన నాటి నుంచి కాపురమంతా రైల్వే రిజర్వేషన్ల మీదే నడుస్తోంది. ఈ ఏడు కూడా తప్పిపోతే హైమావతికి ఏ ముఖంతో చెప్పాలో అతనికి తెలియలేదు.

అందుకని సిగ్గు విడిచి వీడియోలకు దిగాడు. ఓవర్‌హెడ్ ట్యాంకు ముందు నిలబడి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ‘నీటిని వృథా చేయకండి’ అని చెప్పాడు. ఆ వీడియోకి ఒకే ఒక్క ఫాలోవరు వచ్చింది. హైమావతి. అది కూడా నిలవలేదు. రాజధాని నుంచి సహజత్వ నిర్ధారణ బృందం అని ఒకటి తిరుగుతోంది. అనుచరులు సహజంగా వచ్చారో లేదో ఫోన్లు చేసి కనుక్కోవడం వాళ్ల పని. మీరు ఈ ఖాతాను ఎందుకు అనుసరిస్తున్నారని హైమావతిని అడిగితే, ఆయన ముఖం కనిపిస్తుందని చెప్పింది పాపం. బంధుత్వమనీ, వ్యక్తిగత ప్రయోజనమనీ రెండు కారణాలు రాసి ఆవిణ్ణి అనుచరుల లెక్కలోంచి కొట్టేశారు.

క్లోరిన్ కలపడం గురించి చెప్పాడు. మీటరు రీడింగు చూడటం నేర్పాడు. ఎవరూ చూడలేదు. చూడాల్సిన అవసరం వాళ్లకేముంది, కుళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయి. బాగా పనిచేసేదాన్ని ఎవరూ చూడరనే సంగతి వామనరావుకి అప్పటికింకా తట్టలేదు.

అది తట్టించింది పాత సినిమాహాలు సందు మలుపులో పగిలిన పైపు. గుండ్లవరంలో లీకేజీ ఫిర్యాదులు కాగితం మీద రాయడం ఏనాడో మానేశారు. వాల్వులు తిప్పే అప్పలకొండ లీకు దగ్గర నిలబడి వీడియో తీసి వామనరావుకి పంపుతాడు. వామనరావు దాన్ని రిపేరు వాళ్ల గ్రూపులో పడేస్తాడు. గ్రూపులో ఎవరో ఒకరు బొటనవేలు గుర్తు పెడితే పని ఒప్పుకున్నట్టు లెక్క. ఆ రోజు వామనరావు బస్సులో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో ఆ వీడియోని గ్రూపులో వేయబోయి చిటికెలో వేశాడు. వేసి బొటనవేలు కోసం ఎదురుచూశాడు. ఒకటి వచ్చింది. పది వచ్చాయి. వందలు వచ్చాయి. రిపేరు వాళ్లకు ఇంత ఉత్సాహం ఎప్పుడు పుట్టుకొచ్చిందా అని అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

ఆఫీసుకి వెళ్లేసరికి సంగతి తెలిసింది. మనిషెత్తున లేచి, ఎండలో మెరిసి, గొడుగులా విచ్చుకుని పడుతున్న ఆ నీళ్లను చూస్తుంటే ప్రాణం లేచొచ్చిందని ఎవరెవరో రాశారు. ఇంకా చూపించమన్నారు. మధ్యాహ్నానికల్లా గుండ్లవరం నీటి సరఫరా విభాగానికి మూడువేల మంది అనుచరులయ్యారు. ఒక్కణ్ణీ కొనలేదు, ఒక్కణ్ణీ బతిమాలలేదు.

వామనరావు ఏం చేయాలో తోచక, అలవాటైన పనే చేశాడు. పగులు మీద బిగించే ఇనుప క్లాంపు, స్పానర్లు, ఇద్దరు మనుషులు, వాళ్లతో లీకు దగ్గరకు వెళ్లాడు. గొయ్యి తవ్వడం మొదలుపెట్టారో లేదో కమిషనర్ సదానందమూర్తి గారు ఫోన్ చేశారు.

“వామనరావు గారూ, ఆ క్లాంపు ఎవరి ఉత్తర్వుల మీద బయటికొచ్చింది?”

“లీకండీ. పైపు పగిలింది.”

“అది లీకు కాదు. ఈ పురపాలక సంఘానికి ఇన్నాళ్లకు దక్కిన ఏకైక ప్రజాదరణ. పార కింద పెట్టించండి.”

సాయంత్రం సమావేశం పెట్టారు. సదానందమూర్తి గారు చెడ్డవారేమీ కారు. కాకపోతే ఏ విషయాన్నయినా ఫైలులో రాయడానికి వీలైన భాషలోనే ఆలోచిస్తారు. ఆయన లేచి నిలబడి, లీకేజీ సహజముగా ఏర్పడినది, అనుచరులు సహజముగా వచ్చిరి, నడుమ క్లాంపు ఒక్కటే అసహజము అని సెలవిచ్చారు. సర్క్యులర్ ప్రకారం అసహజమైనది నిషిద్ధం కనుక లీకేజీని మూయడం ఉత్తర్వుల ధిక్కారమవుతుందని కూడా అన్నారు. సభలో అందరూ తలలూపారు. లీకేజీని ఉన్నదున్నట్టు కొనసాగించడానికి సాంకేతికంగా అభ్యంతరం లేదని ఇంజనీరు ఒక ముక్క రాసి సంతకం పెట్టాలన్నారు.

కారుతున్న పైపుని కారనివ్వమని సంతకం పెట్టడం వామనరావు చదువుకి సరిపడని పని. అయితే మూడువేలు ఒక్క పూటలో వచ్చాయి, పదివేలకు ఎన్నాళ్లో పట్టదు. పదివేలయితే కొండకమ్మూరు. సంతకం పెట్టాడు. పెట్టి, ఆ చేతిని చొక్కాకి తుడుచుకున్నాడు.

మర్నాటి నుంచి లీకేజీకి మర్యాదలు మొదలయ్యాయి. చుట్టూ తాడు కట్టారు. ‘లీకేజీ పనిచేయుచున్నది. తాకరాదు’ అని బోర్డు పెట్టారు. పందులు రాకుండా కాపలాకి ఒక మనిషిని వేశారు. సాయంత్రాలు అందంగా కనబడాలని రంగు లైట్లు పెట్టారు. గొయ్యి అంచు కోసుకుపోతుంటే వార్షిక నిర్వహణకు టెండరు పిలిచారు. ఊళ్లో ఎన్నో లీకులను ఏళ్ల తరబడి పట్టించుకోని విభాగం ఒక్క లీకుని మాత్రం కంటికి రెప్పలా కాపాడింది. అక్కడి పాతకాలపు పైపు తన జన్మలో ఇంత ఆదరణ ఎరగదు.

ఇంతలో ఎండలు ముదిరాయి. చెరువు అడుగంటింది, నీటి ఒత్తిడి తగ్గింది, మనిషెత్తు లీకు మోకాలెత్తుకి దిగింది. ఇవాళ లీకు నీరసంగా ఉందేమిటని అనుచరులు బెంగపడ్డారు. కొందరు ఒంట్లో బాగాలేదా అని కూడా అడిగారు. సదానందమూర్తి గారు అత్యవసర సమావేశం పెట్టి, లీకేజీ ఆరోగ్యాన్ని పునరుద్ధరించమన్నారు.

దానికి దారి ఒకటే. లీకు తర్వాత అదే పైపు మీద పాత సినిమాహాలు సందుకి నీళ్లు వెళతాయి. ఆ సందు వాల్వు కట్టేస్తే, వెళ్లాల్సిన నీళ్లకు వేరే దారి లేక మొత్తం లీకులోంచే తన్నుకొస్తాయి. అప్పలకొండ వాల్వు తిప్పుతూ వామనరావు వంక ఒకసారి చూశాడు. వామనరావు అటువైపు తిరిగి నిలబడ్డాడు. లీకు ఒకటిన్నర మనిషెత్తు లేచింది. అనుచరులు దండాలు పెట్టారు.

సందులో యాభై ఇళ్ల కుళాయిలు ఎండిపోయాయి. ఆ సందు మొదట్లో ఇడ్లీ బండి పెట్టుకున్న ఆదెమ్మ అనే ఆవిడ, పిండి రుబ్బడానికి నీళ్లు లేవని, ఖాళీ బిందె చంకనెత్తుకుని ఆఫీసుకే వచ్చింది. ఎదురుగా లీకులో నీళ్లు పోతున్నాయి కదా, పట్టుకుంటామంది. దాని మీద ఒక రోజంతా చర్చ జరిగింది. బిందెలు అడ్డం వస్తే వీడియో పాడవుతుందని మొదట కూడదన్నారు. అప్పటికే ఎవరో తాడు దాటి పట్టుకుంటుంటే తీసిన వీడియోకి అనుచరులు ఎగబడ్డారని తెలిసి, సరేనన్నారు. అయితే ఇత్తడి బిందెలే తేవాలి, ప్లాస్టిక్ బిందెలు కళగా ఉండవు. ఇత్తడివి లేనివాళ్లు పక్కింట్లో అడిగి తెచ్చుకోవాలి.

లీకుని రోజంతా పూర్తి ఎత్తున నడపడం కుదరదు కాబట్టి జనం ఎక్కువగా ఫోన్లు చూసే వేళల్లోనే వదిలేవారు. ఆ వేళలు రోజుకోలా మారేవి. ఎప్పుడు వదులుతారో చిటికెలో మాత్రమే చెప్పేవారు. దాంతో సందులో ఇంటింటా ముసలీ ముతకా అందరూ ఖాతాను అనుసరించారు. నీళ్లు లేని పక్క సందులవాళ్లు కూడా చేరారు. అనుచరులు పదివేలు దాటారు.

సహజత్వ నిర్ధారణ బృందం కారేసుకుని దిగింది. ముగ్గురూ నల్ల కళ్లద్దాలు తీయకుండానే ఆదెమ్మను పిలిచి, ఎవరి ప్రోద్బలంతో ఈ ఖాతాను అనుసరిస్తున్నావని అడిగారు. నీళ్ల కోసం బాబూ అంది ఆదెమ్మ. ముగ్గురూ పక్కకెళ్లి మాట్లాడుకున్నారు. దాహము మానవునికి పుట్టుకతో వచ్చునది, కావున దాహముచే కలిగిన అనుసరణ సంపూర్ణముగా సహజము అని తేల్చి, సర్టిఫికెట్ ఇచ్చి, లీకు ముందు ఫోటో దిగి వెళ్లిపోయారు.

ఆ సర్టిఫికెట్ పట్టుకుని వామనరావు కమిషనర్ గదికి దాదాపు పరుగెత్తాడు. దరఖాస్తు బల్ల మీద పెట్టాడు. సదానందమూర్తి గారు దాన్ని చదివి, కళ్లజోడు తీసి, చాలా ప్రేమగా కూర్చోమన్నారు. ప్రేమగా కూర్చోమన్నప్పుడే వామనరావుకి అనుమానం వచ్చింది.

జరిగిందేమిటంటే, లీకు పక్కన రోజూ దిగాలుగా నిలబడుతున్న ఆ పొడుగాటాయన ఎవరని అనుచరుల్లో ఎవరో అడిగారు. అప్పలకొండ మంచి మనసుతోనే, ఆయన మా ఇంజనీరుగారనీ, భార్య ఎక్కడో దూరాన ఉందనీ, బదిలీ రాక కుమిలిపోతున్నాడనీ రాసేశాడు. ఆ ఒక్క ముక్కతో అనుచరులు రెట్టింపయ్యారు. ఇవాళైనా బదిలీ వచ్చిందా అని పొద్దున్నే అడిగేవాళ్లు కొందరు, రాలేదని చెబితే ఏడుపు బొమ్మలు పెట్టేవాళ్లు కొందరు. దేశాలు దాటి కూడా ఏడుస్తున్నారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే.

“జనం లీకేజీని చూడటానికి వచ్చారు వామనరావు గారూ, మిమ్మల్ని చూసి ఉండిపోయారు,” అన్నారు కమిషనర్ గారు. “మీరు వెళ్లి భార్యతో సుఖంగా ఉంటే వాళ్లకిక చూడటానికేముంది? ఎడబాటు సహజంగా ఏర్పడింది. దాన్ని మధ్యలో ఆపడం భావ్యం కాదు.”

“నేను అర్హుణ్ణయ్యానండి. సర్టిఫికెట్ కూడా ఇచ్చారు.”

“అర్హులే. కాదన్నదెవరు?” అంటూ ఆయన ఫైలు మీద రాశారు. ‘బదిలీ సూత్రప్రాయముగా ఆమోదించడమైనది. అనుచరుల ఆసక్తి సన్నగిల్లిన పిమ్మట అమలుపరచవలెను.’

అంతటితో ఆగినా బాగుండేది. ఇకపై వామనరావు ప్రతి సాయంత్రం లీకేజీ పక్కన కొండకమ్మూరు దిక్కుగా చూస్తూ నిలబడాలని, గడ్డం రెండ్రోజులకొకసారే గీసుకోవాలని మెమో వచ్చింది. భార్యతో ఫోన్ మాట్లాడితే లీకు దగ్గరే మాట్లాడాలి, స్పీకరు పెట్టాలి. అప్పలకొండ కెమెరా పట్టుకుంటే కమిషనర్ గారు పక్కనే ఉండి, ఇంకొంచెం బెంగగా, ఇంకొంచెం అని సైగలు చేసేవారు. నిజంగా బెంగగా ఉన్న మనిషికి బెంగ నటించడం ఎంత కష్టమో వామనరావుకి అప్పుడే తెలిసింది. ఉన్నది కనబడేది కాదు, లేనిది తెప్పించుకోవాల్సి వచ్చేది.

ఒకరోజు స్పీకరు లేకుండా, స్టోరు గదిలో పైపుల మధ్య కూర్చుని భార్యకు ఫోన్ చేశాడు. లీకు మీద తను పెట్టిన సంతకం గురించి కూడా దాచకుండా చెప్పాడు. హైమావతి అంతా విన్నది. ఏడవలేదు.

“మా వార్డుకి దెబ్బ తగిలి ఎవరైనా వస్తే ముందు రక్తం ఆపుతానండీ,” అంది. “జనం చూస్తున్నారు, కాసేపు కారనివ్వమ్మా అని సూపరింటెండెంటు గారు చెప్పినా ఆపుతాను. మీరెందుకు ఆపలేదు?”

నీకోసమే అని వామనరావు అనబోయాడు. అలా అంటే ఆ నేరంలో సగం ఆవిడ మీద వేసినట్టవుతుందని అతనికి అనిపించింది. చాలా సిగ్గేసింది.

మర్నాడు పొద్దున లీకు దగ్గర ఇత్తడి బిందెలతో వరస నిలబడి ఉంది. ఆ వరసలో ముందున్న ఆదెమ్మ అతన్ని చూసి పలకరించింది. నీళ్లు చాలక బండి మూసి వారమైందని చెప్పింది. కోపంగా చెప్పలేదు, అదే అతనికి ఇబ్బందిగా అనిపించింది.

“నీ పెళ్లాం దూరంగా ఉందంటే నాకూ జాలేనయ్యా. నేనూ ఏడుపు బొమ్మ పెట్టాను, మా మనవరాలు నేర్పింది,” అంది. “కానీ బాబూ, మీ ఆవిడ మీ ఇంటికి రాకపోవటానికీ, మా ఇంటికి నీళ్లు రాకపోవటానికీ ఏంటి సంబంధం?”

వామనరావుకి గుర్తొచ్చింది ఒకటే, స్టోరు గదిలో నూనె రాసి పెట్టిన క్లాంపు. వెళ్లి తెచ్చాడు.

పట్టపగలు, అందరూ చూస్తుండగా, కాపలా మనిషి ఆర్డరు చూపించమంటుండగా తాడు తెంపి లోపలికి దిగాడు. అప్పలకొండ అడక్కుండానే నీళ్లొచ్చే వైపు వాల్వు కట్టేశాడు. లీకు నడుముదాకా, మోకాలిదాకా తగ్గి, చివరికి ఒక్కసారి గుటక వేసి ఆగిపోయింది. వామనరావు బురద తోడి, పైపుని తన తువ్వాలుతోనే తుడిచి, రబ్బరు చుట్టి, క్లాంపు బిగించాడు. నాలుగు బోల్టులు. ఇన్నాళ్ల ప్రజాదరణని ఆపడానికి పట్టింది అంతే. తర్వాత ఆ వాల్వూ, సందు వాల్వూ రెండూ తెరిపించాడు. కాసేపు కుళాయిలన్నీ గాలి కక్కాయి. ఆ వెనకే ఏదో ఇంట్లో తిప్పి వదిలేసిన కుళాయి కింద బకెట్టులో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించింది. వరసలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే ఇళ్లకు పరుగెత్తారు. వామనరావుకి గుంటలోనే కూర్చుని ఆ చప్పుడు వినాలనిపించింది. చాలాకాలం తర్వాత తన ఉద్యోగం తను చేశాడు, ప్రాణం తేలికపడింది.

అప్పలకొండ అలవాటు కొద్దీ అదంతా వీడియో తీసి పెట్టాడు. చివర్లో పొడి పైపు తప్ప ఏమీ లేదు. ఏమీ కారని పైపుని ఎవరు చూస్తారు? సాయంత్రానికి అనుచరులు వేలల్లో జారుకున్నారు. ఇంత నిర్దయగా ఎలా మూశారని కొందరు తిట్టారు. సందులోవాళ్లు మాత్రం తిట్టకుండానే వదిలేశారు. వాళ్లకిక చిటికెతో పనిలేదు.

రాజధాని అదిరిపడింది. వామనరావుకి అభియోగపత్రం వచ్చింది. ప్రజాదరణ పొందిన ప్రభుత్వ లీకేజీని ఉన్నతాధికారుల అనుమతి లేకుండా ఉద్దేశపూర్వకంగా మూసివేశాడని ఒక నేరం. తద్వారా ప్రభుత్వానికి అనుచర నష్టం కలిగించాడని ఇంకో నేరం. విచారణకు వచ్చిన అధికారి ఫ్యాను కింద కూర్చుని ప్రశ్నలు వేశాడు.

“లీకేజీని మూసింది మీరేనా?”

“నేనేనండి.”

“ఎందుకు మూశారు?”

“కారుతోందండి.”

ఆయన, సంజాయిషీ సంతృప్తికరముగా లేదని రాసుకుని లేచాడు.

ఇక శిక్ష. పూర్వం తప్పు చేసిన ఉద్యోగిని బస్సు కూడా వెళ్లని ఊరికి వేసేవారు. ఇప్పుడు బస్సులు అన్ని ఊళ్లకూ వెళుతున్నాయి కాబట్టి శిక్షకు కొత్త కొలత కావలసి వచ్చింది. రాజధానిలో పెద్దలు కూర్చుని, రాష్ట్రంలో అన్నిటికంటే తక్కువ అనుచరులున్న పురపాలక సంఘం ఏదని వెతికించారు. ఒకటి దొరికింది. అక్కడ నీళ్లు పొద్దునా సాయంత్రమూ టంచనుగా వస్తాయి. పైపులు పగలవు, పగిలినా ఆ పూటే బాగుచేస్తారు. అందుచేత ఆ ఊరి ఖాతాను కన్నెత్తి చూసిన పాపాన పోయినవాడు లేడు. ఉన్న పదకొండు మందీ ఆఫీసు సిబ్బందే. అలాంటి అనుచరశూన్య ప్రాంతంలో పడేస్తే ఎంతటివాడికైనా బుద్ధొస్తుందని ఉత్తర్వులు టైపు చేయించారు. ఆ ఊరు కొండకమ్మూరు.

ఉత్తర్వు అందినప్పుడు వామనరావు దాన్ని ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. మళ్లీ ఎవరైనా పొరపాటు కనిపెడతారేమోనని ఎవరికీ చూపించలేదు. సంగతి తెలిసి ఆఫీసంతా ఓదార్చడానికి వచ్చింది. అనుచరుల్లేని ఊళ్లో ప్రమోషన్ కలలో మాట అన్నారు. సదానందమూర్తి గారు కూడా కరిగిపోయి, తనొక మాట వేస్తే దగ్గర్లో ఏదైనా ఊరికి మార్పించగలనన్నారు. వామనరావు గాభరాగా వద్దండీ వద్దండీ అని ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ కళ్లలో నీళ్లు చూసి కమిషనర్ గారు, మనిషిలో పశ్చాత్తాపం మొదలైందని అనుకున్నారు. వామనరావు సాయంత్రం బస్సుకే బయల్దేరాడు.

కొండకమ్మూరు పురపాలక ఆఫీసులో సూపరింటెండెంటు కృపానిధి పెద్దమనిషి, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. వామనరావు జాయినింగు రిపోర్టు తీసుకుని, కుర్రాడి భవిష్యత్తు తలుచుకుని నిట్టూర్చాడు. ఇక్కడ ఏమీ జరగదు, నీళ్లొస్తాయి, జనం పట్టుకుంటారు, అంతే బాబూ అని ముందే చెప్పేశాడు. చెప్పి, సొరుగులోంచి ఒక కాగితం తీశాడు.

“ఇది ఇందాకే వచ్చింది. మీ పాత అనుచరులు మీమీద జాలిపడి గోలగోల చేస్తున్నారట. రాజధానిలో కూడా మెత్తబడ్డారు. క్షమాపణ చెబుతూ అరనిమిషం వీడియో పెడితే చాలట, శిక్ష రద్దుచేసి మిమ్మల్ని మళ్లీ గుండ్లవరానికే వేస్తారట. అదృష్టవంతులు. నా ఫోన్‌తో తీయమంటారా?”

వామనరావు కిటికీలోంచి బయటికి చూశాడు. గేటు దగ్గర ఎండలో హైమావతి డ్యూటీ బట్టల్లోనే నిలబడి ఉంది, చేతిలో గొడుగు, పక్కన ఆటో. ఎవరూ వీడియో తీయడం లేదు.

“వద్దండీ,” అన్నాడు. “తప్పు చేశాను. శిక్ష అనుభవించాల్సిందే.”

కృపానిధి చలించిపోయాడు. ఈ రోజుల్లో ఇంత నిజాయితీపరుణ్ణి తను చూడలేదన్నాడు. ఎన్నాళ్లని అనుభవిస్తావు నాయనా అని అడిగాడు.

“రిటైరయ్యేదాకా అనుభవిస్తానండీ,” అన్నాడు వామనరావు, గొంతులో నవ్వు వినబడకుండా నానా తంటాలూ పడుతూ.